తీరగూడని ఋణం

ఉపకారికి ప్రత్యుపకారం చేయడం లోకమర్యాద. కాని ప్రత్యుపకారం చేయాలని కోరుకొనడమే అపచారమయ్యే సందర్భం ఒకటి ఉన్నదని చెప్పినవాడు శ్రీరామచంద్రుడు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో, పట్టాభిషేకం ముగిసిన తరువాత వానరవీరులను సాగనంపుతూ ఆయన ఆంజనేయునితో పలికిన మాటలకు తాత్పర్యమిది: నీవు చేసిన ఉపకారం నాలోనే జీర్ణమైపోవుగాక, ఏలయన, మానవుడు ప్రత్యుపకారానికి పాత్రుడయ్యేది ఆపదలో పడినపుడే. ప్రాణం నిలిపినవానికి బదులుగా ప్రాణం నిలపవలెనంటే, ముందుగా వాని ప్రాణం గండంలో పడాలి. అట్టి కోరిక కోరడానికి రాముని మనసు ఒప్పలేదు. ఆ ఋణం తీరగూడని ఋణం.

ఆంజనేయుడు చేసిన ఉపకారాలలో మనవారి నోట ఎక్కువగా నానినది సంజీవని వృత్తాంతం. యుద్ధభూమిలో పడిపోయిన లక్ష్మణుని కొరకు ఆకాశమార్గాన ఓషధీపర్వతం కదలివచ్చినది. అంటే, మందు క్షతగాత్రుని వద్దకు వచ్చినదన్న మాట. ఇరవయ్యవ శతాబ్దంలో మానవుడు ఈ కార్యాన్నే తలక్రిందులు చేసినాడు. క్షతగాత్రుని ఎత్తి ఆకాశమార్గాన మందు వద్దకు చేర్చడం నేర్చినాడు. దానికి సాధనం హెలికాప్టరు. ఆ హెలికాప్టరులో కూర్చుండి, తుపాకులు ప్రేలుతున్న చోటికి గాయపడినవారి కొరకు దిగిన మనుష్యుల కథ మన పత్రికలలో అరుదుగా కనిపిస్తుంది. వారికి ఋణపడినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. ఆ ఋణాన్ని ఏ విధంగా మోయవలెనన్నదే ప్రశ్న.

యుద్ధంలో మనిషిని చంపేది గాయం ఒక్కటే కాదు. గాయానికీ వైద్యునికీ నడుమనున్న దూరం కూడ. తొడలో నెత్తురునాళం తెగినవాడు నిమిషాలలో ప్రాణాపాయంలో పడతాడు. పొట్టలో గుండు తగిలినవాడు కొన్ని గంటలు తాళవచ్చును గాని, ఆ గంటలు డోలీలోనో బండిలోనో గతుకుల దారిన గడిచిపోతే, శస్త్రచికిత్స బల్ల వద్దకు చేరేది కొనఊపిరి మాత్రమే. వైద్యశాస్త్రం ఎంత ముందుకు సాగినా, దారి కుదించనిదే ఆ శాస్త్రం రోగికి అందదు.

దారిని కుదించే ఈ ప్రయత్నం మొదట జరిగినది మనకు దూరదేశంలో కాదు, మన పొరుగునున్న బర్మాలో. 1942లో రంగూను విడిచి కాలినడకన స్వదేశానికి తరలిన తెలుగు కుటుంబాల వారికి ఆ అడవుల కాఠిన్యం తెలిసినదే. రెండేండ్ల తరువాత, 1944 ఏప్రిల్ నెలలో, అదే బర్మా అడవులలో జపానువారి పంక్తుల వెనుక ఒక చిన్న విమానం కూలినది. అందులో ముగ్గురు బ్రిటిష్ క్షతగాత్రులు, విమానచోదకుడు చిక్కుపడినారు. సమీపంలో మరొక విమానం దిగడానికి వీలులేదు. అపుడు అమెరికా సేనకు చెందిన కార్టర్ హార్మన్ అనే యువ లెఫ్టినెంటు అస్సాంలోని లాలాఘాటు స్థావరం నుండి సికోర్‌స్కీ సంస్థ నిర్మించిన ఒక హెలికాప్టరును అంచెలంచెలుగా నడుపుకొని అక్కడికి చేరినాడు. ఆ యంత్రం చోదకునితోపాటు ఒక్క మనిషిని మాత్రమే మోయగలిగినది. బర్మా ఉక్కపోతలో దాని ఇంజను వేడెక్కి మొరాయించినది. అయినా హార్మన్ నాలుగుసార్లు వెళ్లి నలుగురినీ ఒక్కొక్కరుగా తెచ్చినాడు. యుద్ధరంగంలో హెలికాప్టరు మనుష్యులను రక్షించిన తొలి సంఘటనగా చరిత్రకారులు దీనినే పేర్కొంటారు.

బర్మాలో అద్భుతంగా తోచినది, ఆరేడేండ్లు గడిచేసరికి కొరియాలో నిత్యకృత్యమైనది. 1950లో ఆరంభమైన కొరియా యుద్ధంలో, గాజుబుడగ వంటి ముఖంతో ఉండే చిన్న బెల్ హెలికాప్టర్లకు ఇరుప్రక్కలా, బయటనే, రెండు స్ట్రెచర్లు బిగించినారు. గాయపడినవాడు చోదకుని ప్రక్కన కాక, ఆరుబయట గాలిలో, కొండల మీదుగా ప్రయాణం చేసినాడు. కొండదారులలో గంటల తరబడి సాగే ప్రయాణం నిమిషాలలో ముగిసినది. యుద్ధరంగానికి చేరువలోనే గుడారాలలో నెలకొల్పిన సంచార శస్త్రచికిత్సాలయాలకు ఈ విధంగా చేరినవారు 17 వేలకు పైబడి ఉన్నారు.

ఆ కొరియాలో భారతీయులకు కూడ ఒక పాత్ర ఉన్నది. మన దేశం అక్కడికి పోరాడే సేనను పంపలేదు; 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపినది. దానికి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్. 1951 మార్చిలో మున్సాన్ అనే చోట అమెరికా పారాచూట్ సేనతోపాటు మన వైద్యులు కొందరు ఆకాశం నుండి దిగి, దిగినచోటనే క్షతగాత్రులకు చికిత్స చేసినారు. రంగరాజ్‌కు తరువాత మహావీరచక్ర ప్రదానం జరిగినది. ఆయుధం పట్టకుండ యుద్ధంలోకి దిగడంలో కూడ వీరత్వమున్నదని మన ప్రభుత్వం అంగీకరించిన సందర్భాలలో ఇది ఒకటి.

అయితే ఈ విద్యకు ఒక సంప్రదాయాన్నీ, ఒక ధర్మాన్నీ ఏర్పరచినది వియత్నాం యుద్ధం. 1962లో అమెరికా సేన యొక్క 57వ వైద్యదళం అయిదు హెలికాప్టర్లతో అక్కడ అడుగుపెట్టినది. అవి హ్యూయీ అనే ముద్దుపేరుతో లోకప్రసిద్ధమైన యంత్రాలు. మరుసటి సంవత్సరం రేడియోలో పిలుచుకొనడానికి ఆ దళానికి ‘డస్ట్ ఆఫ్’ అన్న సంకేతనామం లభించినది. సంకేతాల పుస్తకంలో నుండి యాదృచ్ఛికంగా తీసుకొన్న మాట అది. కాని ఎండకాలంలో పొలాల మీద దిగినపుడల్లా దుమ్ము మేఘాలు లేపే ఆ హెలికాప్టర్లకు అంతకన్న తగిన పేరు మరొకటి దొరకదు. కాలక్రమాన ఆ పేరు ఒక దళానికి కాక, ఆ వృత్తికే పేరైనది.

ఒక్కొక్క హెలికాప్టరులో నలుగురు. ఇద్దరు చోదకులు, యంత్రాన్ని కనిపెట్టి ఉండే ఒక సిబ్బంది, ఒక వైద్యసహాయకుడు. నేల మీద నుండి పిలుపు వస్తుంది: ఎక్కడ, ఎంతమంది, గాయం ఎట్టిది, శత్రువు ఎంత దూరం. కొన్ని నిమిషాలలో యంత్రం పైకి లేవాలి. దిగవలసిన చోట రంగుపొగ వదలుతారు. ఆ పొగను చూచి చోదకుడు దారి తెలుసుకొంటాడు. శత్రువు కూడ ఆ పొగను చూస్తాడు. నేలను తాకిన తరువాత గడిచే ప్రతి క్షణం ఒక యుగం. వైద్యసహాయకుడు తరచు క్రిందికి దూకి, గాయపడినవారిని తానే ఎత్తి లోపల చేర్చవలసివచ్చేది. దిగడానికి చోటులేని దట్టమైన అడవిలో అయితే, చెట్ల తలల మీద నిశ్చలంగా నిలిచి, ఇనుపతాడు జారవిడిచి మనిషిని పైకి లాగాలి. ఆ కొన్ని నిమిషాలూ యంత్రం కదలగూడదు. కదలని హెలికాప్టరు కన్న సులభమైన గురి మరొకటి లేదు. మిగిలిన పనులలోని హెలికాప్టర్ల కన్న ఈ వైద్య హెలికాప్టర్లు శత్రువుల కాల్పులకు గురియై నష్టపోవడం మూడింతలకు మించి జరిగినదని సైనిక చరిత్ర చెబుతున్నది. వాటి మీద ఎఱ్ఱశిలువ గుర్తు ఉండెడిది. ఆ గుర్తు వాటిని కాపాడలేదు.

పైకి లేచిన తరువాత లోపల వేరొక యుద్ధం. రెక్కల హోరులో రోగి గుండె చప్పుడు వినబడదు. వ్రేళ్లతో నాడి పట్టి చూచుకోవలసినదే. కదలుతున్న నేల మీద మోకాళ్లూని నెత్తురు ఆపాలి, ఊపిరి నిలపాలి, రక్తనాళంలోకి ద్రవం ఎక్కించాలి. ఆ సహాయకులలో ఎక్కువమంది ఇరవై యేండ్లవారు. ఆస్పత్రి ముంగిట రోగిని దించిన మరుక్షణం వారి పని ముగియును. హెలికాప్టరు లోపల నెత్తురు కడిగి, మరొక పిలుపుకు సిద్ధపడాలి. తాము దించిన మనిషి బ్రతికినాడో లేదో వారిలో చాలమందికి ఎన్నడూ తెలియలేదు. అటు బ్రతికినవానికి తనను మోసినవారి ముఖాలైనా గుర్తులేవు. దాత ఎవరో గ్రహీత ఎరుగడు, గ్రహీత ఏమైనాడో దాత ఎరుగడు. ఇట్టి దానం లోకంలో అరుదు.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు మేజర్ చార్లెస్ కెల్లీ. రెండవ ప్రపంచయుద్ధంలో పదాతి సైనికుడుగా తాను స్వయంగా గాయపడినవాడు. 1964లో ఆయన 57వ వైద్యదళానికి నాయకుడైనాడు. ఆ రోజులలో పై అధికారులకు ఒక ఆలోచన ఉండెను. వైద్య హెలికాప్టర్ల మీది ఎఱ్ఱశిలువలను అవసరాన్ని బట్టి తగిలించడానికీ తీసివేయడానికీ వీలుగా చేసి, మిగిలిన సమయంలో సామగ్రి మోయడానికి వినియోగిద్దామన్నది ఆ ఆలోచన. కెల్లీ దానికి లొంగలేదు. మందులు మోయవలసిన యంత్రం మందుగుండు మోస్తూ ఉండగా క్షతగాత్రుని పిలుపు వస్తే ఎవరు వెళతారు? ఈ దళం క్షతగాత్రులకే అంకితమని వాదించడానికి ఆయన మాటలను కాక పనిని ఆశ్రయించినాడు. రాత్రిపూట ఎగరడం అపాయమని అందరూ భావించిన కాలంలో, చీకటిపడిన తరువాత డెల్టా ప్రాంతంలోని శిబిరాలన్నిటినీ చుట్టివచ్చి, తరలించవలసిన రోగులున్నారా అని వాకబు చేయడం నియమంగా పెట్టుకొన్నాడు.

1964 జూలై 1వ తేదీన విన్‌లాంగ్ సమీపంలో కెల్లీ ఒక పిలుపుపై దిగినాడు. కాల్పులు తీవ్రంగా ఉన్నవి, వెళ్లిపొమ్మని నేల మీది వారు కేకవేసినారు. క్షతగాత్రులు తన చేతికి వచ్చినపుడు వెళతానని ఆయన బదులు చెప్పినాడు. మరి కొన్ని క్షణాలకు ఒక గుండు తెరచిన తలుపు గుండా వచ్చి ఆయన గుండెను తాకినది. అప్పటికి ఆయన వయస్సు ముప్పదితొమ్మిది.

ఆ మరునాడు ఒక అధికారి ఆ గుండును కెల్లీ శిష్యుడైన పాట్రిక్ బ్రేడీ బల్ల మీద పడవేసి, ఇకనైనా ఈ దూకుడు మానుకొంటారా అని అడిగినాడట. కెల్లీ నేర్పినట్లే ఎగురుతూ ఉంటామని బ్రేడీ సమాధానం. ఆ సమాధానం ఉత్తమాట కాలేదు. 1968 జనవరి 6వ తేదీన, పొగమంచు కమ్మిన కొండలోయలలో, ఒకటి దెబ్బతింటే మరొకటిగా మూడు హెలికాప్టర్లు మార్చి, ఆయన 51 మందిని తరలించినాడు. అమెరికా దేశపు అత్యున్నత శౌర్యపురస్కారం ఆయనకు లభించినది. కెల్లీ మరణంతో వైద్యదళాన్ని విడగొట్టే ఆలోచన కూడ అణగిపోయినది. యుద్ధం ముగిసేనాటికి ఈ హెలికాప్టర్లు తరలించిన రోగుల సంఖ్య దాదాపు 9 లక్షలు. వారిలో అమెరికా సైనికులు మాత్రమే కాక, వియత్నాం సైనికులూ గ్రామీణులూ కూడ ఉన్నారు.

రాముని మాటను మరల స్ఫురింపజేసే వృత్తాంతం మైకేల్ నొవొసెల్‌ది. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన బాంబర్ విమానచోదకుడు. వియత్నాం యుద్ధం ఆరంభమైన నాటికి నలభై దాటినవి. వైమానిక దళం వయస్సు మీరినదన్నది. ఆయన లెఫ్టినెంట్ కర్నల్ హోదాను వదులుకొని, పదాతి సేనలో వారంట్ అధికారిగా చిన్న హోదాలో చేరి, వైద్య హెలికాప్టరు ఎక్కినాడు. 1969 అక్టోబరు 2వ తేదీన, రక్షణకు మరొక హెలికాప్టరు లేకుండగనే, కాల్పుల నడుమకు పదే పదే వెళ్లి 29 మంది దక్షిణ వియత్నాం సైనికులను తెచ్చినాడు. చివరివానిని ఎక్కించుకొంటున్నపుడు స్వయంగా గాయపడి కూడ యంత్రాన్ని నిలుపుకొన్నాడు. ఆయనకు కూడ అదే అత్యున్నత పురస్కారం లభించినది. ఆయన కుమారుడు కూడ చోదకుడై అదే దళంలో చేరినాడు. 1970లో కుమారుని హెలికాప్టరు కూలినపుడు తండ్రి వెళ్లి రక్షించినాడు. వారం తిరుగకమునుపే తండ్రి హెలికాప్టరు కూలినది. కుమారుడు వెళ్లి రక్షించినాడు. రాముడు వలదని కోరుకొన్న ప్రత్యుపకారావకాశం ఆ తండ్రీకొడుకులకు ఏడు రోజులలోనే వచ్చినది. తీర్చినందుకు ఆ కుమారుడు సంతోషించి ఉండవచ్చును; కాని ఆ అవకాశం రాకుండ ఉండవలెననే ఏ కుమారుడైనా కోరుకొంటాడు.

దూరదేశాల సంగతి ఇట్లుండగా, మన ఉత్తరపు సరిహద్దులో ఈ పని వేరొక శత్రువుతో జరుగుతున్నది. 1984 ఏప్రిల్‌లో మన సేన సియాచిన్ హిమానీనదాన్ని అధిరోహించినది. ఆ కార్యక్రమానికి కాళిదాసు కావ్యనామమైన మేఘదూత్ అని పేరు పెట్టినారు. యక్షుని సందేశం మోసిన మేఘం స్థానంలో ఇక్కడ చీతా అనే చిన్న హెలికాప్టరు కిరసనాయిలు, ఆహారం, ఉత్తరాలు మోస్తున్నది. తిరుగుదారిలో రోగులను మోస్తున్నది. ఇరవై వేల అడుగుల ఎత్తున గాలి పలుచన. ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ఈ వ్యాధులకు అన్నిటికన్న గొప్ప మందు క్రిందికి దిగడమే. మనిషికి గాలి చాలని చోట యంత్రానికి కూడ చాలదు. ఎత్తు పెరిగినకొద్దీ దాని మోతబలం తరిగిపోతుంది. మంచులో చదును చేసిన అరుగువంటి చోట, ఇంజను ఆపకుండ, క్షణాలలో రోగిని ఎక్కించుకొని మరలాలి. సియాచిన్ పయనీర్స్ అని పేరుపొందిన వైమానికదళపు 114వ హెలికాప్టరు యూనిట్‌వారూ, పదాతి సేనకు చెందిన చోదకులూ ఈ పనిని నలభై యేండ్లుగా చేస్తున్నారు.

2016 ఫిబ్రవరి 3వ తేదీన అక్కడి సోనమ్ స్థావరం మీద మంచుకొండ విరిగిపడి మద్రాసు రెజిమెంటువారు పదిమంది కూరుకొనిపోయినారు. వారిలో ఒకడు అప్పటి కర్నూలు జిల్లా నుండి వెళ్లిన మన తెలుగు బిడ్డ. ఆరు రోజులకు మంచు త్రవ్వగా ధార్వాడ ప్రాంతపు లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో కనిపించినాడు. హెలికాప్టరు ఆయనను క్రిందికి తెచ్చినది. అక్కడి నుండి విమానంలో ఢిల్లీ చేర్చినారు. దేశమంతా ప్రార్థించినది. 11వ తేదీన ఆయన కన్నుమూసినాడు. కొండ మీది నుండి ఆయనను తెచ్చినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఫలితం దక్కలేదు గనుక వారి శ్రమ తరుగుతుందా? బ్రతికినవాని విషయంలోనూ బ్రతకనివాని విషయంలోనూ వారు చేసినది ఒకే పని.

ఇక కృతజ్ఞత మాట. కిష్కింధాకాండలో సుగ్రీవుడు చేసిన మేలు మరచి భోగాలలో మునిగినపుడు లక్ష్మణుడు గద్దించి చెప్పినది ఇదే: ఇతర పాపాలకు పెద్దలు ప్రాయశ్చిత్తం విధించినారు, కృతఘ్నతకు విధించలేదు. వియత్నాం నుండి మరలివచ్చిన అమెరికా సైనికులకు స్వదేశంలో చాలచోట్ల లభించినది మౌనం; కొన్నిచోట్ల నింద. ఆ యుద్ధం న్యాయమా అన్యాయమా అన్న వాదం దేశాన్ని చీల్చినది. ఆ వాదం అవసరమైనదే. కాని యుద్ధాన్ని ఖండించడం వేరు, దానిలో పడిపోయినవారిని ఎత్తి మోసినవానిని మరచిపోవడం వేరు. డస్ట్ ఆఫ్ సిబ్బంది అందరికీ ఉమ్మడిగా బంగారు పతకం ప్రసాదించే చట్టాన్ని అమెరికా కాంగ్రెసు 2024లో ఆమోదించినది. కెల్లీ మరణించి అప్పటికి అరువది యేండ్లు. నొవొసెల్ 2006లోనే గతించినాడు. పతకం బంగారందే, అందుకొనవలసిన చేతులు పెక్కు మట్టిలో కలిసినవి.

మన దేశంలో 1949 నుండి ఏటా డిసెంబరు 7వ తేదీన సాయుధదళాల పతాకదినం జరుగుతున్నది. పిల్లలు డబ్బాలతో వస్తారు. మనం ఒక నాణెమో నోటో వేస్తాము. వారు చొక్కాకు ఒక చిన్న కాగితపు జెండా గుచ్చుతారు. సాయంకాలానికి ఆ జెండా జారిపోతుంది. ఆ డబ్బు యుద్ధంలో భర్తలను కోల్పోయిన స్త్రీలకూ, అవయవాలు కోల్పోయినవారికీ, వృద్ధ సైనికులకూ చేరుతుంది గనుక ఆ నాణెం చిన్నదని చులకన చేయరాదు. కాని కృతజ్ఞత ఒకనాటి పండుగతో ముగిసేది కాదు. మోసినవానికి కూడ ఒకనాడు మోసేవాడు కావలసివస్తుంది. ఇరవై యేండ్లకు నెత్తురు కడిగిన చేతులు అరువది యేండ్లకు రాత్రివేళ నిద్రపట్టక వణకవచ్చును. ఊరికి తిరిగివచ్చిన మాజీ సైనికుడు పింఛను కాగితంతో కార్యాలయపు బల్ల ముందు నిలబడవచ్చును. అతని మరణానంతరం అతని భార్య అదే బల్ల ముందు నిలబడవచ్చును. ఆపద అంటే గుండ్ల వాన మాత్రమే కాదు. ఇవి కూడ ఆపదలే.

రాముడు హనుమంతునికి ఆపద రాగూడదని కోరుకొన్నాడు. వస్తే తాను లేచి వెళ్లవలసినదన్న ఎరుక ఆ కోరికలోనే ఉన్నది. ఋణం నాలోనే జీర్ణం కావలెనన్నాడే గాని, మరచిపోతానని అనలేదు. తీరగూడని ఋణాన్ని మోసే పద్ధతి అదే. పిలుపు రాకుండుగాక అని కోరుకొనాలి. వస్తే మాత్రం, ఎంతమంది, ఎక్కడ అని మాత్రమే అడిగి, లేచి వెళ్లాలి. వారు మన కొరకు చేసినది కూడ అంతే.